పావు చుట్టు వెనక్కి

గుంటూరు లాలాపేట సందులో మా కొట్టు.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
తుపాకుల కంటే ముందు మేమే పేలతాం,
తుమ్ములతో.

ఎన్నికలయ్యాక
ఠాణాలో డిపాజిట్ చేసిన తుపాకులన్నీ
గోనెసంచుల్లో, పాత పంచెల్లో చుట్టుకుని వస్తాయి,
మూడు నెలలు ఒకదాని మీద ఒకటి పడుకుని
ఒళ్ళు పట్టేసిన కూలీల్లా.

అలా వచ్చిందే అదీ.
బొల్లాపల్లి అవతల తండా నుంచి,
పందుల కాపలా టోపీ తుపాకీ.
"టోపీ పెట్టే మొన ఊడి రావట్లేదు సాయిబూ,
పానా వేస్తే పానాయే జారిపోతోంది"
అన్నాడు రూప్లా నాయక్.
మొన పలకలు అరిగి గుండ్రంగా ఉన్నాయి,
నోట్లో చప్పరించిన బిళ్ళలా.

నన్నే సాహెబ్ మొన వంక చూడనే లేదు.
గజం తీసి గొట్టంలోకి దించాడు.
మూతి దగ్గర బొటనవేలు ఆనించి
పైకి లాగి, గొట్టం పక్కన పెట్టి కొలిచాడు.
నాలుగు వేళ్ళు తక్కువ.

"చెంచయ్యా, స్టవ్వు ఆర్పు."
మెల్లగా అన్నాడు, పసిపిల్ల నిద్రపోతున్నట్టు.

మూడు నెలలు ఠాణాలో
మందు మింగి పడుకుందది.
రసీదు మీద మాత్రం "ఖాళీ" అని రాసుంది,
గుండ్రటి ముద్ర కూడా.

రూప్లా నాయక్ స్టూలు మీంచి లేచి
గుమ్మం అవతల నిలబడ్డాడు.
నాకూ అక్కడే పని ఉన్నట్టనిపించింది.

సెగ చూపకూడదు. సుత్తి తగలకూడదు.
మూతి చూరు వైపు తిప్పి గోడకి ఆనించి
గొట్టం నిండా నీళ్ళు పోశాం.
మొన మొదట్లో కిరసనాయిలు ఒక చుక్క,
గంటకి మళ్ళీ ఒక చుక్క.
రెండు రాత్రులు.
సాహెబ్ బీడీ ముట్టించలేదు.
అది నేను చూసిన ఏకైక రంజాన్ కాని ఉపవాసం.

మూడో రోజు ఆకురాయితో రెండు పలకలు తీర్చి
పానా పట్టించాడు.
విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు,
వెంట్రుకంత.
అప్పుడు వెనక్కి.

కిర్రుమంది,
ఎలుకపిల్ల అరిచినంత.
మర సందుల్లోంచి మసీ తుప్పూ కలిసి
డికాషన్ రంగులో కారాయి.

"తాగేదీ మందే, మింగేదీ మందే, పేలేదీ మందే మనకి.
పేలిన మందు వెళ్ళిపోయిందనుకుంటావు నాయక్,
దాని మసి ఉప్పులాంటిది.
గాలిలో చెమ్మని పిలిచి పీట వేస్తుంది.
పైన నూనె పూస్తే నిగనిగలాడుతుంది,
కింద దాని పని అది చేసుకుపోతుంది.
ముందు వేణ్ణీళ్ళు. తర్వాత పొడిగుడ్డ. ఆపైనే నూనె.
మొన మరకి నూనె కూడా చాలదు,
తేనెమైనం, మేకకొవ్వు కలిపి బఠాణీ గింజంత.
వేళ్ళతో ఎక్కించు.
వేళ్ళకి ఎక్కని మర దారి తప్పిందని అర్థం.
ఆనిందా, ఆగు.
ఆపైన లాగేది నీ భయం, అది బిగువు కాదు.
నెలకోసారి పావు చుట్టు వెనక్కి తిప్పి చూడు.
కానీ ముందు గజం. ఎప్పుడూ ముందు గజం."

"పందులు రాకపోయినా తిప్పాలా?"

"రాకపోతేనే మరీ."

కొత్త మొనకి రెండు వందల ఎనభై తీసుకున్నాం.
తలనొప్పి మందు ఖాళీ డబ్బాలో
కొవ్వు నింపి ఇచ్చాడు సాహెబ్, ఉత్తినే.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి.
సాహెబ్ కళ్ళకి శుక్లాలు, కొట్టు నా చేతికొచ్చింది.
ఈసారి ఠాణాకి పోకముందే వచ్చాడు రూప్లా నాయక్.
తనే గజం దించి, బొటనవేలు ఆనించి,
బయట పెట్టి చూపించాడు నాకు.
సరిగ్గా సరిపోయింది.
మొనని రెండు వేళ్ళతో విప్పి బల్ల మీద పెట్టాడు.

రిపేరు ఏమీ లేదు.
మరెందుకొచ్చావన్నాను.
జేబులోంచి డబ్బా తీశాడు.
అడుగు దాకా వేలిగీతలు.
"అయిపోయింది" అన్నాడు.