పెన్నోబులేసు జవాబు

"కలుపుగోలు. అర్థం రాయండి" అంటే
ఎనిమిదో తరగతి పెన్నోబులేసు రాసినాడు:
"కలుపు తీసే కోల."
ఎర్రసిరాతో కొట్టేసినా.

పిలిచి చెప్పినా:
కలియడం అకర్మకం, దానంతట అది జరుగుతుంది.
కలపడం సకర్మకం, ఎవరో ఒకరు పూనుకోవాల.
చివర ఉండేది కోల కాదురా, కోలు.
కొనడంలోంచి వచ్చింది, తనకని తెచ్చుకోవడం.
"మరి కో పోయి గో ఎందుకైంది సార్?"
పరుషం సరళమైంది, అన్నా.
"ఎందుకు?" అన్నాడు.
గంట కొట్టినారు.

ఆదివారం బెళుగుప్ప దావలో బండి పంచరు.
వాళ్ల సెనిక్కాయ చేను అక్కడే.
వాడు ట్యూబును బకెట్లో ముంచి బుడగలు వెతుకుతాండాడు,
నేను గట్టుమీద నిలబడినా.

తొమ్మిదిమంది ఆడోళ్లు, తొమ్మిది సాళ్లు.
ఐదో సాల్లో కొత్తామె. కణేకల్లు నుంచి వచ్చిందంట.
గరికె తెగుతుంది గాని వేరు రాదు.
నడుం పట్టుకొని ఆగిపోయింది.
మిగతావాళ్లు ముందుకు పోయినారు.

తిప్పక్క వెనక్కి తిరగలే.
ఎవరిదో ఎనుము ఈనిన సంగతి చెప్తానే
ఎడమచెయ్యి ఆ సాల్లోకి జార్చి నాలుగు మొక్కలు పీకింది.
అటుపక్కనుంచి హొన్నూర్‌బీ కుడిచెయ్యి.
కొత్తామె అక్కడికొచ్చేసరికి
పీకడానికేం లేదు.
కాసేపు అనుమానంగా నేలను చూసింది,
అప్పుడు తలెత్తింది.

"ఏం మే, పేరేమి?"
తిప్పక్క గొంతు తిట్టినట్టే ఉంటుంది.
"శివలింగమ్మ."
"సద్ది తెచ్చుకున్యావా?"
"లే."
"నా ఊరిబిండి కారం. ఓర్చుకో."

కకారం ఎక్కడ గకారమైందో చూసినా.
ఏ సూత్రం ప్రకారమో చెప్పలేను.

రెండుసార్లు అతికినా గాలి నిలవలే, పొద్దుగూకింది.
దావలు చీలినకాడ
ఎవరూ వీడుకోలు చెప్పుకోలే.
ఆ మాటలో కో ఇంకా గట్టిగానే ఉంది,
ఏ నోరూ దాన్ని మెత్తబరచలే.
"వస్తా మే" అనుకుంటా పోయినారు,
శివలింగమ్మ అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా.

పెన్నోబులేసు చేతులు నిక్కరుకు తుడుచుకొని
"సార్, కలుపంటే పీకేదా, కలిపేదా?"
రెండూ, అన్నా.
"రెండూనా? పరీక్షలో ఏది రాయాల?"

బండి తోసుకుంటా నడిచినాం.
వాడికి అరమార్కు బాకీ.