రంగు కాని రంగు

పాఠ్యపుస్తకం కాగితాలు వట్టుకొని
కొత్తవాడల ఓదెలు కాక అద్దకపు కొట్టంల కూసున్న.

మొదటిదానికి పేరు తేలిగ్గనే కుదిరింది:
క్వాంటం విద్యుత్ గతిశాస్త్రం.
రెండోది అదే అచ్చుల పోసిన్రు,
విద్యుత్తు తీసి వర్ణం వెట్టి.

"ఏం రంగు బిడ్డా?" అన్నడు కాక,
మోచేతుల దాక నీలం, గోర్లల్ల ఎరుపు.
రంగు లేదు కాకా, ఉత్త పేరే.
మూడు కలిస్తె తెలుపంటరు.
"నా గంగాళంల మూడు కలిస్తె బురదైతది.
పోనీ తీ, మా తాత పుట్టకముందటి వాడ
ఇంకా కొత్తవాడనేనాయె."

బలహీన బలానికి ఎవరో
రుచిగతి అని వెట్టి చూసిన్రట.
నాలుక మీద నిలువలే.

మిగిలింది గురుత్వం.
దారపు కండె జారితె నేలకు గుంజేది అదే,
అందరికన్న ముందు మనకు తెలిసింది అదే.
దానికి మాత్రం క్వాంటం గురుత్వం, అంతే.
గతి లేని పేరు.

ఎందుకట్ల అంటే
లెక్క ఇంకా తేలలేదు కాకా, అన్న.
"పుట్టనియ్యిరి మరి.
ఇరవై ఒకటో దినం సూద్దాం."

దండెం మీది తడి నూలు నుంచి
ఒక చుక్క
నా కాగితం మీద, నాలుగో గడిల వడ్డది.

తుడవలేదు.