తొమ్మిదో పాట

సూపర్‌గ్రూప్ అని రాశారు మా గురించి.
అతుకుల బొంత అంటే సరిపోయేది.
చెడిపోయిన మూడు బ్యాండ్లలో
మిగిలిన నలుగురం.
ఇగ్నేషియస్ తొక్కే పెడల్ ఇంకా పాతవాళ్లదే.
అడిగితే ఇచ్చేస్తానంటాడు,
ఎవరూ అడగరు.

పీణ్య రెండో ఫేజు, లేత్ షెడ్డు మీద గది.
గోడలకు పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు.
తొమ్మిదింటికి కింద మిషన్లు ఆగితేనే
మాకు రాత్రి మొదలు.
ఆగాక కూడా కాసేపు చెవుల్లో ఇనుము గుయ్యిమంటుంది.
ఆ శ్రుతికే నా బేస్ తీగలు దించుకున్నాను.

ఎనిమిది పాటలు ఇంగ్లీషులో అరిచాడు ఓబులేశు.
బాగానే అరిచాడు.
అద్దె, సిల్క్ బోర్డు ట్రాఫిక్, వదిలేసిన అమ్మాయి.
గొంతు చీలింది గానీ
ఇస్త్రీ చెడలేదు.

తొమ్మిదోది నాలుగోసారి తీస్తుంటే
కరెంటు పోయి వచ్చింది.
మళ్లీ మొదలుపెట్టాం. వాడు కాగితం చూసుకోలేదు.

"యాడికి పోతాండావురా!"

చేనుకు ఆ గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు
ఒక్క కేక.
ఎవర్నో మేం అడగలేదు, వాడు చెప్పలేదు.
తెలుగు రాని తిప్పేశ్ చెయ్యి
తీగ మీదే ఉండిపోయింది.

ఆ సందులోంచి, కింద షట్టరు దగ్గర
వాచ్‌మన్ బదులు పలికాడు:
"యారప్పా అదు?"

రికార్డులో అదీ ఉంది.
చెరిపేద్దామని ఒక్కరూ అనలేదు.
అట్ట మీద ఐదో పేరు వేద్దామని
మర్నాడు అడగబోతే
డ్యూటీలో నిద్రపోలేదు సార్ అని
చేతులు జోడించాడు.