రెండు ముడుల దారం

నల్లగొండ గడియారం సెంటర్ల బస్సు దిగినప్పుడు
నా అంగి జేబుల ఒక నూలుదారం ఉన్నది.
దానికి రెండు ముడులు.

మొదటి ముడి మా మంచం ఎత్తు.
నవనీత పండుకోని చెయ్యి చాపితే
పరుపు అంచు దాటి పిల్ల తలకాయకు తాకాలె.
కోసి కుట్టిన కడుపు, పదకొండు దినాలు.
లేవాలంటే ఒక పక్కకు ఒరిగి
మోచేతి మీద బరువేసి
పండ్లు బిగవట్టి లేస్తది.
రాత్రికి ఐదుసార్లు.

రెండో ముడి మా అమ్మది.
గోడకు నిలవెట్టి కొలిసిన.
"ఏందిరా, అంగీ కుట్టిస్తవా నాకు?" అన్నది.
ఈదమ్మకు మెడ తిరగదు, నడుము వంగదు,
మోచెయ్యి సగం దాంకనే తెరుసుకుంటది.
మా ఊరి బోరింగు నీళ్లు ముప్పయ్యేండ్లు
బిందె వెనుక బిందె
ఆమె బొక్కలల్ల చేరి గడ్డకట్టినయి.
కింద పడ్డ చెంచాను
కాలివేళ్లతోని లేపుతది.

అందుకే దూలానికి చీర తొట్టెల వద్దనుకున్నం.
అది అమ్మకు మోకాళ్ల కాడ ఊగుతది,
నవనీతకు దూరంల ఊగుతది.

దేవరకొండ రోడ్డుల మూడు షాపులు తిరిగిన.
మొదటి దాంట్ల తొట్టెలకు పాడే మిషిన్ ఉన్నది,
గిరగిర తిరిగే సీతాకోకచిలుకలున్నయి,
నాలుగు దిక్కుల కటకటాలున్నయి.
చెయ్యి పెట్టి చూసిన,
జైలు ములాఖత్ లెక్కనే ఉన్నది.
రెండో షాపు పిలగాడు ఫోన్లకెల్లి తల లేపకుండనే
"ఆన్‌లైన్ల చూడన్నా, అగ్వకొస్తది" అన్నడు.

మూడో షాపు బషీర్ సాబ్
దారం చూసి నవ్వలే.
కండ్లద్దాలు పెట్టుకోని తనే కొలిసిండు.
ఒక పక్క మొత్తం తెరుసుకునేది తీసిండు,
మంచానికి బెల్టుతోని బిగించేది,
కాళ్లకు ఐదేసి బొక్కలు.
మూడో బొక్కల బోల్టు పెడితే మొదటి ముడి,
ఐదో బొక్కల పెడితే రెండోది.
నడుమ బెత్తెడు.
"ఎవరికి అందేటట్టు పెట్టాలె బేటా?"
బోల్టు చేతుల పట్టుకోని అడిగిండు.
నేను ధర అడిగిన.

ఆరువేల ఎనిమిది వందలని ఆరువేలకిచ్చిండు.
పరుపును పిడికిలితోని ఒత్తి చూపెట్టిండు,
దిండ్లు, బొమ్మలు ఏం పెట్టొద్దన్నడు.
ట్రాలీ ఆటోల బత్తాయి బస్తాల నడుమ
దాన్ని పట్టుకోని కూసున్న.

"అత్తకు అందేటట్టు పెట్టు" అంటది నవనీత.
"పాలిచ్చేది నువ్వా నేనా?" అంటది అమ్మ.
"నాకెవరన్న ఎత్తిస్తరు తియ్."

పదకొండు దినాలుగ ఎవరో ఒకరు ఎత్తిస్తేనే
పిల్ల ఆమె చేతులల్లకొచ్చింది.
ఎన్నిసార్లు అడగాలనుకోని అడగలేదో
నేను లెక్కవెట్టలే.
దవాఖాన్ల మాత్రం నోరు తెరిసి అడిగింది.
ఆరు నెలలు పాలే, నీళ్లు పట్టొద్దని డాక్టరమ్మ అంటే
"చుక్క గూడనా?" అన్నది.
"చుక్క గూడ."
తలుపు దాంక వొచ్చి, మల్ల వెనుకకు పోయి
"చుక్క గూడనా అమ్మా?"

పొద్దుమూకినంక మతికొచ్చింది,
బాత్రూం కట్టంగ మిగిలిన ఇటుకలు.
తొట్టెలను ఐదో బొక్కల బిగించి
మంచాన్నే లేపిన.
ఒక్కో కోడు కింద ఒక్కో ఇటుక.
కదులుతదేమోనని ముందుగాల నేనే ఎక్కి పొర్లిన,
నవనీత కుట్లు పట్టుకోని నవ్వింది,
నవ్వించకని తిట్టింది.
ఇప్పుడామె కూసుంటే కాళ్లు నేలకందుతలేవు.
అమ్మ వంటింట్లకెల్లి పీటను
కాలుతోని నూక్కుంట, ఆగుకుంట, నూక్కుంట
మంచం కాడికి తెచ్చింది.

రాత్రి మూడింటికి పిల్ల కుయ్యిమన్నది.
నేను లేవబోయిన.
చీకట్ల అమ్మ అప్పటికే నిలబడి ఉన్నది.
వంగలే. ఎవర్నీ పిలువలే.
తెరుసుకున్నంత మేర తెరుసుకున్న చెయ్యి
పిల్ల కడుపు మీద.
జో కొడుతలేదు, ఉత్తగనే పెట్టి ఉంచింది.
"పండుకోరా," అన్నది నా దిక్కు తిరగకుండ,
తిరగరాని మెడతోని,
"అందుతది."

నేను పక్కకు ఒరిగిన.
ఇటుకల మీద మంచం
కిర్రుమన్నది.