కింద కనపడదు

వెలిసిపోయిన వంకాయ రంగు ఎస్టీమ్ బండి,
రెండువేల నాలుగు మోడలు.
కావలి బైపాసు పక్కన నా రేకుల షెడ్డులోకి
మాల్యాద్రి దాన్ని పొద్దున్నే తోలుకొచ్చి
"నాలుగు పక్కలా కెమెరాలు పెట్టు జిలానీ" అన్నాడు.
బండి అమ్మితే వచ్చేదానికంటే
కెమెరాల ఖర్చే ఎక్కువని జెప్పినా.
"అమ్మేదానికి రాలా."

తుమ్మలపెంట నించి వచ్చే బండ్లు నాకు తెలుస్తాయి.
డోరు మడతల్లో ఉప్పు,
స్క్రూ తలల మీద తుప్పు,
సీటు కింద రొయ్యల మేత వాసన.
డ్యాష్‌బోర్డు ఊడబీకితే
ఇరవై ఏళ్లు ఎండకి కాగిన క్లిప్పులు
అప్పడాల్లాగా పటపటమన్నాయి.
వెనక గుంతలో ఒక జడపిన్ను,
ఒక గోళీ, క్యాసెట్టు డబ్బా మూత.
ఆయన అరచేతిలో పోస్తే
చూసి జేబులో వేసుకున్నాడు. ఎవరివో జెప్పలా.

పోయినేడు ఎవడో పెట్టిన పది అంగుళాల స్క్రీను
ముందు నించి సినిమాహాలు,
వెనక నించి పిచ్చుకగూడు.
రివర్స్ లైటు వైరు కోసం
డిక్కీలో సగం ఒళ్లు దూర్చి పడుకున్నా.
పాతబండిలో రంగుల్ని నమ్మకూడదు.
టెస్టరు మొన గుచ్చి "గేరెయ్యన్నా" అని అరవాల,
బల్బు వెలిగితే ఆ వైరు మనది.

మొదట బొమ్మ పొర్లాడింది,
గట్టున పడ్డ మట్టగిడస మాదిరి.
సెట్టింగు మారిస్తే నిలబడింది.

ఇంక గళ్లు కావాల.
నాలుగు కళ్లూ ఒకే చూపు కావాలంటే
బండి చుట్టూ నలుపూ తెలుపూ గళ్లు పరచాల.
పెట్టెలో రావాల్సిన పట్టా రాలా.
టీకొట్టు అంకమ్మక్క తొంగిచూసి
"ముగ్గేగా, ఎన్ని చుక్కలు?" అనింది.
చుక్కల్లేవక్కా. చదరాలు. ఎనభై సెంటీమీటర్లు.
"అంటే రెండు మూరలకి బెత్తెడు తక్కువ."
సిమెంటు నేల మీద నీళ్లు జల్లి నల్లబరిచి,
వేళ్ల సందున పిండి వదుల్తా
వంచిన నడుం ఎత్తకుండా చుట్టూ తిరిగింది.
టేపు పెట్టి చూశా.
ఆమె గీత ముందు నా టేపే కాస్త వంకర.

స్క్రీనులో చైనా ఆడమనిషి ఏదో పలికింది.
"ఏమంటాంది?"
"కుదిరిందంట."

ఇప్పుడు గద్ద చూసినట్టు పైనించి కనపడతా ఉంది:
షెడ్డు, ముగ్గు, అంకమ్మక్క చెప్పులు,
నడిమధ్యన నిగనిగలాడే నల్లకారు.
"అది నా బండి కాదే" అన్నాడు మాల్యాద్రి.
కాదు. బండిని ఏ కెమెరా చూడదు.
చుట్టూ ఉన్నదంతా నిజం,
మధ్యలోది కంపెనీవాడు అతికించిన బొమ్మ.

చాలాసేపు ఆ బొమ్మనే చూసినాడు.
"చక్రాల కింద కనపడద్దా?"
కనపడదన్నా.
ఇంజను ఆపి, మళ్లీ తిప్పి, తువ్వాలుతో స్క్రీను తుడిచి
ఇంకోసారి అడిగినాడు.
మూడోసారి నావైపు చూడకుండా:
"జానెడు ఉంటది. నీడకని వచ్చి పడుకోనుంటే?
మా వీధి కుక్క ఆరు పిల్లల్ని పెట్టింది.
ఐదుండాయి."

ఎడం పక్క వెనక చక్రం ఒక్కదాన్నే
ఎవరో సబ్బేసి, బ్రష్షుతో రుద్ది రుద్ది
ఎందుకు కడిగారా అని పొద్దున అనుకున్నా.

బేరం ఆడలా. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి,
ఎక్కబోయి ఆగినాడు.
పంచె ఎగగట్టి, ముగ్గు మీదే మోకాళ్లూని,
చెంప నేలకి ఆనేట్టు వంగి కిందికి చూసినాడు.
లేచి, చుట్టూ తిరిగొచ్చి, రెండో పక్క నించీ.
రెండు మోకాళ్లకీ తెల్లటి చదరం మూలలు అంటుకున్నాయి.

"తొక్కబాకబ్బయ్యా" అని కొట్లోంచి అరిచింది అంకమ్మక్క,
"ఇంకో బండికి పనికొస్తది."

పది అడుగులు వెనక్కి పోయేదానికి
ఆయనకి టీ చల్లారేంత సేపు పట్టింది.