రెఫరెన్సు

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల ఎదురుగా
ఆరడుగుల కొట్టు నాది.
రేడియం అట్టల్ని అక్షరాలుగా కోస్తాను
ఆటోల అద్దాలకి, బైకుల ట్యాంకులకి,
కొత్త ఇళ్ల గుమ్మాలకి.
సాయిబాబా, మదీనా, మైసమ్మ తల్లి దీవెన,
అన్నిటికీ ఒకటే బ్లేడు.
శనివారం సాయంత్రాలు మాత్రం మావాళ్లే వస్తారు.

పదమూడేళ్లలో ఎక్కువసార్లు కోసిన మాట:
'మోయలేనంత బరువు దేవుడు మోపడు.'
కింద చిన్నక్షరాల్లో
మొదటి కొరింథీ, పది, పదమూడు.
చూడకుండా కోస్తాను.
'మో' దగ్గర చెయ్యి ఎలా తిరగాలో బ్లేడుకే తెలుసు.

పోయిన శనివారం సువర్ణమ్మ వచ్చింది.
లాలాగూడ వర్క్‌షాపు గేటు దగ్గర టిఫిన్ బండి ఆమెది.
తొమ్మిదేళ్ల ఎజ్రాని
నారాయణగూడ సమాధుల తోటలో పెట్టి
నలభై రోజులు.
డెంగీ. గాంధీలో. రెండో ప్యాకెట్ ఎక్కుతుండగానే.

చట్నీ డబ్బా మూతలో చుట్టుకుపోయిన స్టిక్కరు
కౌంటరు మీద పెట్టింది.
"అన్నా, నువ్వు కోసిందే.
బండి మీదికెల్లి గోటితోని గీకిన.
గీ మాట బైబిల్ల ఏడున్నదో జూపియ్యి."

చూపించాను.
పిండి ఎండిన వేలు పెట్టి
ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.
"గీడ శోధన అనున్నది గదన్నా.
శోధనంటే తప్పు చెయ్యబుద్ధి గావుడు.
నా పిల్లగాడు సచ్చుడు శోధనెట్లయితది?"
పేజీలు తిప్పింది. అప్పటికే మడత పెట్టుకుని ఉంది.
"గీ పౌలే, గా ఊరోళ్లకే, ఇంకో ఉత్తరం రాసిండు.
మా బలానికి మించిన బరువు పడ్డది,
బతుకుతమన్న ఆశనే పోయిందని.
దీన్ని ఎందుకు కోస్తలేవు?"

నా దగ్గర ఫెవికాల్ ఉంది, కత్తెరుంది,
జవాబు లేదు.

తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు, మాట్లాడుకుంది అంతే.
ఆసుపత్రికి అప్పడిగితే మరిది అన్నాడట,
తనకు తాను సాయం చేసుకునేవాడికే దేవుడి సాయమని.
"ఇల్లు పైకప్పు ఇప్పి మంచంతోని దించిన్రే ఒకణ్ని,
వాడు తనకేం సాయం జేసుకుండు?
నలుగురు మోసిన్రు. నాకు ఒక్కడు గూడ దొరకలే."

గుంట దగ్గర ఎవరో అన్నారట,
దేవుడు తన తోటకి మంచి పువ్వు కోసుకున్నాడని.
"నేను పొద్దుగాల గుడిమల్కాపూర్ల పూలమ్మిన దాన్నే ఒకప్పుడు.
కోసిన పువ్వు సాయంత్రం దాకనే అన్నా."

ఆ 'ఎవరో' నేనే.
ఆమెకి గుర్తులేదో, ఉండి వదిలేసిందో.
యోబు స్నేహితులు బూడిదలో పక్కన కూర్చున్నారు,
ఏడు రోజులు నోరు మెదపలేదు.
అన్నాళ్లే వాళ్లు స్నేహితులు.
నేను ఏడు నిమిషాలు ఆగలేకపోయాను.

"కొత్తది కొయ్యి," అంది.
"ఒకటే మాట. 'ఎన్నాళ్లవరకు?'"
ఎర్ర రేడియం తీశాను.
కింద కీర్తన నెంబరు వెయ్యనా అన్నాను.
"ఒద్దు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు."
డబ్బులు తీసుకోనంటే
ముప్పై రూపాయలు కౌంటరు మీద లెక్కపెట్టి పెట్టింది.

సోమవారం బండి దగ్గర
వర్క్‌షాపు ఫిట్టరొకడు ఇడ్లీ తింటూ అది చదివి
చెయ్యి కడుక్కుని
మూడు నెలల ఖాతా కట్టేశాడట.
ఆమె నవ్విందట. ఎజ్రా పోయాక మొదటిసారి.
నాకు వాడే చెప్పాడు, కొంచెం కోపంగా.

నిన్న ఓలా ఆటో కుర్రాడొకడు వచ్చాడు.
పేరు జెఫన్యా. కొత్త బండి, కట్టాల్సిన ఈఎంఐలు.
'మోయలేనంత' కావాలన్నాడు.
పసుపు రోలు నా వెనకే నిలబడి ఉంది.
రేడియం అయిపోయింది తమ్ముడూ, అన్నాను.

అబద్ధం. ఇదీ అసలు శోధన.
తప్పించుకునే దారి కూడా ఉంటుందని
అదే వాక్యంలో ఉంది.
చూశాను.
కొట్టుకి ఒకటే తలుపు,
అందులో వాడు నిలబడి ఉన్నాడు.