పలకల గోడ

ఇళ్ళ చలి కొలవడం నా పని.
కిటికీ ఎంత, గోడ మందం ఎంత,
పైకప్పు కింద దూది ఉందా ఎలుకలున్నాయా,
వెచ్చదనం ఎటునుంచి జారిపోతోంది,
అన్నీ రాసుకుని, లెక్క కట్టి,
ఎంత హీట్ పంపు సరిపోతుందో చెప్పి వస్తాను.

ఆర్క్నీ దీవుల్లో ఫిబ్రవరి.
గాలికి అడ్డం పడేందుకు ఒక్క చెట్టన్నా లేదు.
స్ట్రోమ్నెస్ రేవు దాటాక చివరి రాతి ఇల్లు:
రెండు తలుపులు, రెండు పోస్టు డబ్బాలు,
నా ఫారంలో మాత్రం ఒకటే ఇల్లు.
ఒక ఇంటికి ఒకటే గ్రాంటు, ఒకటే యంత్రం.

ఇటు జెస్సిమా, అటు ఆమె తమ్ముడు ఎర్లెండ్.
నడుమ పడవ చెక్కతో కొట్టిన పలకల గోడ.
పదకొండేళ్ళుగా మాటల్లేవట.
ఎందుకో నేనడగలేదు,
ఫారంలో ఆ గడి లేదు.

"బయట ఇంత చలి, ఇందులోంచి వేడెలా తీస్తుందే అమ్మాయీ?"
అంది జెస్సిమా టీ పోస్తూ.
గొట్టంలో తిరిగేది ఈ గాలికన్నా చల్లనిదండీ,
దానికి ఈ గాలే ఎండ, అన్నాను.
ఎండ తాగొచ్చాక గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది.
"నొక్కితే ఎవరైనా వేడెక్కుతారు,"
గోడవైపు చూసి కొంచెం గట్టిగానే అంది.

బయట పెట్టె ఎక్కడ పెట్టాలన్నది మరో గొడవ.
ఆమె వైపు రూబార్బ్ పాదు, అతని వైపు పీతల బుట్టలు.
"పాదు తియ్యనని చెప్పు అతనికి."
చెప్పాను.
"బుట్టలు జరపనని చెప్పు ఆవిడకి."
చెప్పాను.
నాలుగడుగుల దూరానికి నేనొక టెలిఫోను తీగని.

అతని గదిలో లేజర్ చుక్క మూలమూలకీ పాకింది.
కరెంటు హీటరు మీద సాలెగూడు, ప్లగ్గు కూడా పెట్టిలేదు.
థర్మామీటరు చూస్తే పదిహేను.
బయట మూడు.
కిటికీ సందుల్లో ఈల వేస్తోంది సముద్రం.
మళ్ళీ చూశాను, పదిహేనే.
ఈ గదికి వేడి ఎక్కడిది?

కారులో కూర్చుని లెక్క మళ్ళీ మొదట్నుంచి వేశాను.
రాతి గోడలు కావు, నేల కాదు.
గదికీ గదికీ మధ్య గోడని
మేం లెక్కలోకే తీసుకోం,
రెండు వైపులా ఒకటే వేడి అనుకుంటాం.
ఇక్కడ తీసుకుంటే గాని లెక్క తేలలేదు.

అప్పుడు గుర్తొచ్చింది:
ఆమె బొగ్గు పొయ్యి వంటగది నడుమ లేదు,
వీపు ఆనించుకున్నట్టు పలకల గోడకే ఉంది.
అటువైపు అతని మంచం
కిటికీ కింది పాత గుర్తుల నుంచి
గోడ పక్కకి జరిగి ఉంది.

ఏడాదికి ఎన్ని బస్తాల బొగ్గు అటు వెళ్ళిందో
అంకె కూడా వచ్చింది.
కాగితం మీద రాసి, కొట్టేశాను.

తిరిగి వెళ్ళి,
పనిమనిషి గొంతుతోనే అడిగాను:
మధ్య గోడకి దూది కొట్టించమంటారా,
మీ వేడి మీకే మిగులుతుంది.
జెస్సిమా కప్పు కడుగుతూనే ఉంది, కడిగిన కప్పే.
"ఆ గోడ జోలికి పోకు."

ఇక థర్మోస్టాట్. అదీ ఒకటే.
ఎర్లెండ్ వల ముడి వేస్తూ తలెత్తలేదు.
"అటే పెట్టు. దానికి చలెక్కువ, చిన్నప్పట్నుంచీ."
చెప్పమని నాతో అనలేదు.
పలకలు పల్చన,
అటువైపు కుళాయి ఆగిన చప్పుడు వినిపించింది.

పైపులు మాత్రం ఆ గోడలోంచే పోవాలి,
రెండు వేళ్ళ మందం కన్నం,
ఒకటి వెళ్ళేది, ఒకటి తిరిగొచ్చేది.
ఇద్దరి సంతకాలూ తీసుకున్నాను, వేరువేరు పెన్నులతో.

పెట్టె సంగతి ఇంకా తేలలేదు.
రూబార్బ్ ఏప్రిల్లోపు తవ్వి మార్చుకోవచ్చట,
ఎవరైనా గునపం పట్టేవాళ్ళుంటే.